వేలి ఆక్సిమీటర్ చెప్పని సంగతి: ఊపిరితిత్తుల రోగుల్లో కార్బన్ డయాక్సైడ్‌ను సూది లేకుండా తెలుసుకోవడం

అమ్మా, మీ ప్రశ్న నాకు అర్థమైన తీరు ముందుగా చెబుతాను. ఒడిశాలోని గుణుపురం దగ్గరి పల్లెలో ఉంటున్న మీ నాన్నగారికి అరవై ఎనిమిదేళ్లు. నలభై ఏళ్లు చుట్ట కాల్చారు, సీఓపీడీ (శ్వాసనాళాలు ఇరుకై ఊపిరి ఆడని దీర్ఘకాలిక జబ్బు) ఉందని పదేళ్ల కిందటే తేలింది. మొన్నటి చలికాలంలో ఆయాసం ముదిరితే విశాఖపట్నం తీసుకువెళ్లారు. అక్కడ మణికట్టు ధమని నుంచి తీసిన రక్త పరీక్షలో పీహెచ్ (రక్తంలో ఆమ్లం కొలత, అంకె తగ్గితే ఆమ్లం పెరిగినట్టు) 7.24, కార్బన్ డయాక్సైడ్ 84 వచ్చాయి. ఐదు రోజులు బైపాప్ (మాస్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపి ఊపిరికి సాయపడే యంత్రం) మీద ఉంచారు. పీహెచ్ 7.36కు, కార్బన్ డయాక్సైడ్ 62కు చేరాక, ఇంట్లో వాడుకోమని బైపాప్, గాలి నుంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే కన్సంట్రేటర్ రాసి పంపించారు. తరువాత ఒక రాత్రి ఆక్సిమీటర్‌లో 89 కనిపించగానే మీరు భయపడి ఆక్సిజన్‌ను నిమిషానికి 2 లీటర్ల నుంచి 4 లీటర్లకు పెంచారు. అంకె 97కు ఎక్కింది, కాని తెల్లవారేసరికి ఆయన పిలిచినా పలకని మగతలో ఉన్నారు. మళ్లీ ఆసుపత్రి, మళ్లీ మణికట్టులో సూది, పైగా డాక్టరుగారి మందలింపు. కార్బన్ డయాక్సైడ్‌ను సూది లేకుండా కొలిచే సాధనం ఉందా, ఇంటికి కొనవచ్చా, ఇంటర్నెట్‌లో అమ్ముతున్న చిన్న కార్బన్ డయాక్సైడ్ మీటర్ పనికివస్తుందా అని అడిగారు.

సూది లేకుండా కొలిచే పద్ధతులు ఉన్నాయి, మంచివే. అయితే అవి ఆసుపత్రిలో, తెలిసినవారి చేతుల్లో పనికివచ్చేవి. ఇంటికి కొనవద్దు. ఆ చిన్న మీటర్‌ను అసలే కొనవద్దు. కారణాలు వివరంగా రాస్తాను, ఎందుకంటే గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల నుంచి వచ్చే తెలుగు కుటుంబాలు ఇరవై ఆరేళ్లుగా నన్ను దాదాపు ఇవే మాటల్లో ఇదే ప్రశ్న అడుగుతున్నాయి.

ముందు ఆ రాత్రి సంగతి. అది మీరు ఒక్కరే చేసిన పొరపాటు కాదు. ఛాతీ వైద్యంలో చేరిన తొలి ఏడాది, ధమని రక్త పరీక్ష యంత్రం లేని ఒక ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలో ఉన్నప్పుడు, నేనూ అదే చేశాను. పెదవులు నీలిబడి రొప్పుతున్న ముసలాయనకు ఆక్సిజన్ బాగా పెంచాను. ఆక్సిమీటర్ 98 చూపింది, ఆయాసం తగ్గింది, ఆయన నిద్రపోయారు. అది నిద్ర కాదని తెల్లవారుజామున గాని నాకు తెలియలేదు. ఆయన బతికారు, కాని ఆ బతకడంలో నా గొప్పతనం ఏమీ లేదు.

ఆక్సిమీటర్ కాంతిని వేలి గుండా పంపి, రక్తంలోని హిమోగ్లోబిన్ ఎంత శాతం ఆక్సిజన్ మోస్తున్నదో అంచనా వేస్తుంది. కార్బన్ డయాక్సైడ్ గురించి దానికి ఏమీ తెలియదు. మన పాత పాఠ్యపుస్తకాల్లో బొగ్గుపులుసు వాయువు అని చదువుకున్న ఆ వాయువును శరీరం బయటికి పంపే దారి ఒక్కటే, ఊపిరి. నిమిషానికి ఎంత గాలి నిజంగా లోపలి గాలితిత్తుల దాకా వెళ్లి వస్తుందన్న దాని మీదే రక్తంలో దాని మట్టం ఆధారపడుతుంది. బయటి నుంచి ఆక్సిజన్ కలిపితే, ఊపిరి ఎంత మందగించినా ఆక్సిమీటర్ అంకె నిక్షేపంగా నిలబడుతుంది. లోపల మాత్రం కార్బన్ డయాక్సైడ్ 60 నుంచి 70కి, 70 నుంచి 90కి పెరుగుతూ పోతుంది. ఆరోగ్యవంతుల ధమని రక్తంలో అది 35 నుంచి 45 మిల్లీమీటర్ల (పాదరస పీడనం) మధ్య ఉంటుంది.

మరి ఆక్సిజన్ పెంచితే కార్బన్ డయాక్సైడ్ ఎందుకు పెరుగుతుంది? ఊపిరి తీయాలన్న ప్రేరణ తగ్గిపోతుందని మాత్రమే చాలామంది చెబుతారు. అది కొంతవరకే నిజం. దెబ్బతిన్న ఊపిరితిత్తి తనను తాను ఒక రకంగా సర్దుకుంటుంది. గాలి ఆడని భాగాలకు రక్తనాళాలను బిగించి, గాలి ఆడే భాగాలకు రక్తాన్ని మళ్లిస్తుంది. ఎక్కువ ఆక్సిజన్ ఆ బిగింపును సడలించడంతో రక్తం మళ్లీ పనికిరాని భాగాలకు వెళ్లి, కార్బన్ డయాక్సైడ్‌ను వదిలించుకోకుండానే తిరిగి వస్తుంది. దీనికి తోడు, ఆక్సిజన్‌తో నిండిన హిమోగ్లోబిన్ కార్బన్ డయాక్సైడ్‌ను మునుపటంత పట్టుకోలేదు. దీనినే హాల్డేన్ ప్రభావం అంటారు. అందుకే మీ నాన్నగారి వంటి రోగుల్లో ఆక్సిమీటర్ అంకెను 88 నుంచి 92 మధ్య ఉంచమని చెబుతారు. ఆ రాత్రి మీరు చూసిన 89 ప్రమాదం కాదు, ఆయనకు ఉండవలసిన అంకే అది. ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో జరిగి 2010లో వెలువడిన అధ్యయనంలో, అంబులెన్స్‌లో ఆక్సిజన్‌ను ఈ హద్దుల్లో ఇచ్చిన సీఓపీడీ రోగుల్లో మరణాలు 2 శాతం ఉండగా, ధారాళంగా ఇచ్చినవారిలో 9 శాతం ఉన్నాయి. ఈ ఒక్క సంగతి మన 108 వాహనాల్లో పనిచేసే ప్రతి పిల్లవాడికీ తెలియాలని నేను గట్టిగా కోరుకుంటాను.

ఇక కొలిచే పద్ధతులు. మొదటిది విడిచే ఊపిరిలో కొలవడం, దీనిని క్యాప్నోగ్రఫీ అంటారు. కార్బన్ డయాక్సైడ్ సుమారు 4.26 మైక్రోమీటర్ల పరారుణ కాంతిని పీల్చుకుంటుంది కనుక, ముక్కు దగ్గర సన్నని గొట్టం పెట్టి, వచ్చే గాలి గుండా ఆ కాంతిని పంపి, ఎంత తగ్గిందో చూస్తారు. ఆపరేషన్ థియేటర్లో మత్తుమందు డాక్టర్లకు ఇది ప్రాణసమానం. ఊపిరితిత్తులు బాగున్నవారిలో ఊపిరి చివర వచ్చే అంకె ధమని రక్తపు అంకె కంటే 2 నుంచి 5 మాత్రమే తక్కువ ఉంటుంది. సీఓపీడీలో ఆ లెక్క చెడుతుంది. కొన్ని భాగాల్లోకి గాలి వెళ్తుంది గాని అక్కడికి రక్తం చేరదు. అక్కడి గాలి కార్బన్ డయాక్సైడ్ ఏమీ మోయకుండా బయటికి వచ్చి, మిగతా గాలితో కలిసి, మజ్జిగలో నీళ్లు పోసినట్టు దానిని పలచన చేస్తుంది. తేడా 10కి, 20కి, అంతకు మించి కూడా పోతుంది. పర్లాకిమిడి నుంచి వచ్చిన ఒక రోగికి క్యాప్నోగ్రాఫ్‌లో 41 చూసి వార్డులో అందరూ ఊరట చెందారు. రక్తంలో 63 ఉంది. అంకె తక్కువగా ఉందని ఇక్కడ ధైర్యపడకూడదు. ఎక్కువగా ఉంటే మాత్రం నమ్మాలి, అసలు అంకె దాదాపు ఎప్పుడూ దానికంటే ఎక్కువే.

అయినా క్యాప్నోగ్రఫీని నేను కొట్టిపారేయను. అది గీసే రేఖ ఆకారంలో సమాచారం ఉంది. ఆరోగ్యవంతుల్లో రేఖ నిటారుగా లేచి, అరుగులా చదునుగా సాగి, ఒక్కసారి దిగుతుంది. శ్వాసనాళాలు బిగిసినవారిలో చదును ఉండదు. పెంకుటింటి చూరులా ఏటవాలుగా ఎక్కుతూనే ఉంటుంది. పీల్చే మందు ఇచ్చాక ఆ వాలు తగ్గితే మందు పనిచేస్తున్నదని తెలుస్తుంది. కాని బైపాప్ మాస్కు పెట్టాక ఈ పద్ధతి దాదాపు చేతులెత్తేస్తుంది. మాస్కులోకి వేగంగా వచ్చే గాలీ, అంచుల నుంచి కారే గాలీ కలిసి ఊపిరి నమూనాను పాడుచేస్తాయి.

మీ నాన్నగారి వంటివారికి ఎక్కువగా పనికివచ్చేది రెండవది, చర్మం మీద నుంచి కొలవడం. 1950వ దశకంలో అమెరికా శాస్త్రజ్ఞుడు రిచర్డ్ స్టో రూపొందించగా అక్కడి వైద్యుడు జాన్ సెవరింగ్‌హాస్ మెరుగుపరిచిన, కార్బన్ డయాక్సైడ్‌ను కొలిచే ఎలక్ట్రోడ్ దీనికి మూలం. రూపాయి బిళ్లంత సెన్సర్‌ను చెవి తమ్మెకో, నుదుటికో, మెడ ఎముక కింద ఛాతీకో అతికిస్తారు. అది చర్మాన్ని సుమారు 42 డిగ్రీల దాకా వేడిచేస్తుంది. ఆ వేడికి కింది సూక్ష్మ రక్తనాళాలు విచ్చుకుని, వాటిలోకి ధమని రక్తం లాంటి రక్తం వస్తుంది. దాని నుంచి కార్బన్ డయాక్సైడ్ చర్మం దాటి, సెన్సర్ మీది పలచని పొర దాటి, లోపలి ద్రవంలో కరిగి దాని పీహెచ్‌ను మారుస్తుంది. యంత్రం కొలిచేది ఆ మార్పునే. వేడి వల్లా, చర్మకణాలు సొంతంగా విడిచే వాయువు వల్లా ముడి అంకె రక్తపు అంకె కంటే ఎక్కువ వస్తుంది కనుక యంత్రమే లెక్క కట్టి తగ్గించి చూపుతుంది. ఇందులో కాంతి పని లేదు. నల్లని చర్మంపై ఆక్సిమీటర్ కొన్నిసార్లు అసలు కంటే ఎక్కువ చూపుతుందని 2020లో అమెరికాలో తేలిన సంగతి మన ప్రాంతంవారికి పట్టించుకోవలసినదే; కార్బన్ డయాక్సైడ్ సెన్సర్‌కు ఆ చిక్కు లేదు.

దీని పరిమితులు కూడా చెప్పాలి, ఎందుకంటే తెర మీద అంకె ఒకసారి వెలిగాక దానిని ఎవరూ ప్రశ్నించరు. అతికించిన పది పదిహేను నిమిషాల దాకా వచ్చే అంకెను లెక్కలోకి తీసుకోకూడదు. ఆ తరువాత కూడా రక్తంలో మార్పు వచ్చిన రెండు నిమిషాలకు గాని తెర మీద కనిపించదు. గంటలు గడిచేకొద్దీ అంకె నెమ్మదిగా పక్కకు జరుగుతుంది, కనుక తెలిసిన పాళ్లలో కార్బన్ డయాక్సైడ్ ఉన్న చిన్న సిలిండర్‌తో సరిచూడాలి, పొరను మారుస్తూ ఉండాలి. బీపీ పడిపోయినవారిలో, చేతులు కాళ్లు చల్లబడినవారిలో, ఒళ్లు నీరు పట్టినవారిలో దీనిని నమ్మలేము. ఏళ్ల తరబడి స్టెరాయిడ్ మాత్రలు వాడి చర్మం ఉల్లిపొరలా మారినవారికి ఆ వేడికే కాలి బొబ్బ లేవవచ్చు. అటువంటివారికి నేను నాలుగు గంటలకు ఒకసారి చోటు మార్పిస్తాను.

కోరాపుట్ వైపు వైద్యులకు ఒక మాట. సరిచూసే వాయువులో కార్బన్ డయాక్సైడ్ 5 శాతం ఉంటే, సముద్ర మట్టంలో అది 38 మిల్లీమీటర్లతో సమానం. సుమారు 870 మీటర్ల ఎత్తున్న కోరాపుట్‌లో గాలి పీడనమే తక్కువ కనుక అదే 5 శాతం 34 మిల్లీమీటర్లే అవుతుంది. యంత్రంలోని పీడనమాపకం సరిగా ఉందో లేదో కొండ మీద తప్పక చూసుకోవాలి. విశాఖలో బిగించిన లెక్కతోనే పైన వాడితే ప్రతి రోగికీ తప్పు అంకె వస్తుంది.

ఖచ్చితత్వం మాటకు వస్తే, 2019లో థొరాక్స్ అనే ఊపిరితిత్తుల వైద్య పత్రికలో వచ్చిన సమీక్ష అనేక అధ్యయనాలను కలిపి చూసింది. సగటున చర్మపు అంకెకూ ధమని రక్తపు అంకెకూ తేడా దాదాపు లేదు, కాని విడివిడి కొలతల్లో తేడా అటూ ఇటూ 15 మిల్లీమీటర్ల దాకా ఉండవచ్చు. ఒక్క అంకెగా చూస్తే ఇది చాలా పెద్ద తేడా. అదే రోగికి, అదే చోట, ఆరు గంటల పాటు సాగిన రేఖగా చూస్తే ఆ తేడా అంతగా బాధించదు. బైపాప్ పెట్టిన మొదటి గంటలో రేఖ కిందికి వంగుతున్నదా, ఒత్తిడి పెంచితే ఇంకా వంగిందా, అర్ధరాత్రి తరువాత మళ్లీ లేచిందా అన్నవి సూదితో తెలుసుకోవాలంటే రాత్రంతా గుచ్చుతూనే ఉండాలి. మొదట ఒక్కసారి ధమని రక్తం తీసి, అదే క్షణంలో చర్మపు అంకెను పక్కన రాసుకుని, ఆపైన రేఖను నమ్మడమే నేను పాటించే పద్ధతి.

అసలు మొదటి సూదినైనా ఎందుకు తప్పించలేమంటే, ఈ సాధనాలు ఏవీ పీహెచ్ చెప్పవు. మీ నాన్నగారి కాగితాలే చూడండి. ఇంటికి పంపిన రోజున 62 ఉన్నా పీహెచ్ 7.36, అంటే మూత్రపిండాలు బైకార్బనేట్‌ను (ఆమ్లాన్ని విరిచే క్షారం) 34 దాకా నిలువ చేసి ఆ ఆమ్లాన్ని సరితూచాయి. నిన్నటి దాకా 40 ఉన్న మనిషికి ఈ రోజు ఒక్కసారిగా 62 అయితే పీహెచ్ 7.25 దగ్గరకు పడిపోతుంది, గంటల్లో బైపాప్ పెట్టాలి. తెర మీద ఇద్దరిదీ 62 అనే ఒకే అంకె. ఒకరు బజారుకు నడిచి వెళ్లగలరు, ఇంకొకరు ఐసీయూలో ఉండాలి.

ధమని రక్త యంత్రం లేని చోట మూడవ దారి ఒకటి ఉంది, దానికి తగిన గుర్తింపు లేదని నా బాధ. మోచేతి సిర నుంచి మామూలుగా తీసే రక్తంలోనే వాయువులు చూడవచ్చు. సిర రక్తంలో కార్బన్ డయాక్సైడ్ 45 లోపు ఉంటే ధమనిలో ప్రమాదకరంగా పెరగలేదని చాలావరకు నిశ్చింతగా ఉండవచ్చు. పీహెచ్ కూడా ధమని కంటే సుమారు 0.03 మాత్రమే తక్కువ ఉంటుంది. 45 దాటితే మాత్రం ధమనిలో ఎంతో అది చెప్పదు, అప్పుడు మణికట్టు తప్పదు. వేడిచేసిన చెవి తమ్మె నుంచి తీసే రక్తబిందువు కూడా కార్బన్ డయాక్సైడ్‌కు, పీహెచ్‌కు బాగా సరిపోతుంది. ఏ రక్తమైనా తీసిన అరగంటలో యంత్రంలోకి వెళ్లాలి, సిరంజిలో గాలి బుడగ ఉంటే అంకె తప్పుగా తగ్గుతుంది. అందుకే గుణుపురంలో తీసిన నమూనాను గంటకు పైగా ప్రయాణం చేయించి రాయగడకు పంపడం వృథా, మనిషినే పంపాలి.

ఇంటర్నెట్‌లో మీరు చూసిన చిన్న మీటర్ గదిలోని గాలి కోసం చేసినది. బయటి గాలిలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షల పాళ్లలో 400 పాళ్లకు కాస్త పైన ఉంటుంది. అటువంటి మీటర్లు సాధారణంగా 5,000 దాకా చూపుతాయి. మనిషి విడిచే ఊపిరిలో అది 40,000కు అటూ ఇటూ ఉంటుంది. దాని ముందు ఊదితే ముల్లు చివరిదాకా పోయి ఆగుతుంది, అంతకు మించి తెలిసేది ఏమీ లేదు. చర్మపు యంత్రమైతే లక్షల్లో ఖరీదు, పైగా సిలిండరు, పొరలు, సరిచూడటం తెలిసిన మనిషి కావాలి. ఆ డబ్బులో చిన్న వంతుతో కరెంటు పోయినా బైపాప్ రాత్రంతా నడిచే ఇన్వర్టరు పెట్టించండి. దానివల్ల నాన్నగారి కార్బన్ డయాక్సైడ్ నిజంగా తగ్గుతుంది.

ఈ మాట ఊరికే అనడం లేదు. కార్బన్ డయాక్సైడ్ 52 లేదా అంతకు మించి ఉన్న సీఓపీడీ రోగులపై జర్మనీ, ఆస్ట్రియాల్లో జరిగి 2014లో వెలువడిన అధ్యయనంలో, ఆ అంకె గట్టిగా తగ్గేలా ఒత్తిళ్లు పెంచి ఇంట్లో బైపాప్ వాడించినవారిలో ఏడాదిలో 12 శాతం మంది చనిపోగా, వాడనివారిలో 33 శాతం మంది చనిపోయారు. యంత్రం ఇంట్లో ఉండటం చాలదు. ఒత్తిళ్లు సరిపోవాలి, రాత్రి గంటల తరబడి పెట్టుకోవాలి. మీ బైపాప్‌లోని చిన్న కార్డులో ఎన్ని గంటలు వాడారో, మాస్కు ఎంత కారుతున్నదో, ఒక్కో ఊపిరికి ఎంత గాలి వెళ్లిందో నమోదవుతుంది. తరువాతిసారి వెళ్లేటప్పుడు దానిని తప్పక తీసుకువెళ్లండి.

మాస్కు మీదో, దాని గొట్టం మొదట్లోనో చిన్న రంధ్రాలు ఉంటాయి. గాలి కారిపోతున్నదని వాటికి టేపు అంటించడం, చలికి దుప్పటి ముఖం మీదికి లాగడం మన ఇళ్లలో చాలాసార్లు చూశాను. విడిచిన కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయే దారి అదే. దానిని మూస్తే ఆయన తన ఊపిరినే తాను మళ్లీ పీలుస్తారు.

ఇంట్లో మీ దగ్గర యంత్రం లేకపోయినా కళ్లున్నాయి. ఉదయం లేవగానే తలనొప్పి, పగలు మాట్లాడుతుండగానే కునుకు, చేతులు వెచ్చబడి నాడి బలంగా కొట్టుకోవడం, కళ్లు ఎర్రబడటం కార్బన్ డయాక్సైడ్ పెరుగుతున్నదనడానికి గుర్తులు. రెండు చేతులూ ముందుకు చాచి, అరచేతులతో గోడను ఆపుతున్నట్టు మణికట్లు వెనక్కి వంచి అర నిమిషం ఉంచమనండి. చేతులు ఉండి ఉండి రెక్కల్లా జారిపడుతుంటే అదే రాత్రి ఆసుపత్రికి బయలుదేరండి. మనవాళ్లు తల దిమ్ముగా ఉందంటారు. ఒడియా మాట్లాడే నర్సుకు అది ‘ముండొ బింధుచి’ అని చేరుతుంది, చార్టులో ఉత్త తలనొప్పి అవుతుంది, మాత్ర ఇచ్చి వదిలేస్తారు. పొద్దున లేవగానే వస్తుంది, మధ్యాహ్నానికి పోతుంది అని సమయంతో సహా చెప్పండి. ఈ మాట నాన్నగారికే కాదు, పొయ్యి పొగకూ అడ్డపొగకూ (చుట్టను నిప్పు కొస నోట్లో పెట్టి కాల్చడం) ఊపిరితిత్తులు చెడిన మన అమ్మలకూ, క్షయ తగ్గినా ఊపిరితిత్తి ముడుచుకుపోయినవారికీ వర్తిస్తుంది.

ఎప్పుడైనా మగత కమ్మితే భయంతో ఆక్సిజన్‌ను పూర్తిగా తీసేయకండి. అది ఇంకా ప్రమాదం, నిమిషాల్లో ఆక్సిజన్ మునుపటి కంటే కిందికి పడిపోతుంది. డాక్టరు రాసిన 2 లీటర్లకు తగ్గించి, బైపాప్ పెట్టి, బండి పిలవండి.

ఇక ఇప్పుడు చేయవలసిన పని. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు ఉన్న 62ను ఆఖరి మాటగా తీసుకోవద్దు. తీవ్రత తగ్గాక కొందరిలో అది దానంతట అదే దిగుతుంది. 2017లో వెలువడిన బ్రిటన్ అధ్యయనంలో కూడా పీహెచ్ కుదుటపడిన రెండు నుంచి నాలుగు వారాల తరువాత మళ్లీ పరీక్షించి, అప్పటికీ 53 దాటి ఉన్నవారినే ఇంటి బైపాప్‌కు ఎంచుకున్నారు. కాబట్టి ఆ గడువులో ఒకసారి బరంపురానికో విశాఖకో వెళ్లి, పగలు ఒక ధమని రక్త పరీక్ష, ఆ రాత్రి బైపాప్ మీద చర్మపు సెన్సర్‌తో నమోదు, రెండూ కలిపి చేయించమని అడగండి. నిద్రలో 55 దాటి పది నిమిషాలకు మించి ఉంటే ఒత్తిళ్లు చాలడం లేదని అర్థం. రాత్రి నమోదు దొరకకపోతే, బైపాప్ తీసిన వెంటనే ఉదయం తీసిన రక్తం కొంతవరకు ఆ లోటు తీరుస్తుంది.

మణికట్టు సూదికి ముందు చర్మాన్ని మొద్దుబార్చే లిగ్నోకైన్ మందు కొద్దిగా ఇవ్వమని మీరు అడగవచ్చు. అత్యవసరం కానప్పుడు అలా ఇవ్వడమే సరైన పద్ధతి, నొప్పి చాలా తగ్గుతుంది. రక్తం తీసినప్పుడు ఎన్ని లీటర్ల ఆక్సిజన్ మీద ఉన్నారో, బైపాప్ తీసి ఎంతసేపయిందో ఆ చీటీ మీదే రాయించండి. పాత చీటీలన్నీ తేదీల వారీగా ఒక కవరులో పెట్టి, నాన్నగారి తలగడ దగ్గర ఉంచండి.